వ్యాయామానికి ముందు, మధ్యలో, తర్వాత: ఒంటికి ఏ ఇంధనం, ఎంత, ఎప్పుడు?

వ్యాయామం మొదలుపెట్టిన వాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: తిని చేయాలా, తినకుండా చేయాలా? దాని వెనకాలే ఇంకొన్ని వస్తాయి. మధ్యలో నీళ్లు తాగొచ్చా? అయిన అరగంటలో ప్రొటీన్ పడకపోతే చేసిందంతా వృథానా? కొవ్వు కరగాలంటే మెల్లగా నడవాలా, పరిగెత్తాలా?

వీటిలో దేనికీ అందరికీ సరిపోయే జవాబు లేదు. ఎంతసేపు చేస్తున్నారు, ఎంత గట్టిగా చేస్తున్నారు అన్న రెండు సంగతులు తేలితే మిగతావి వాటంతటవే తేలిపోతాయి. చాలామంది ఈ వరస తలకిందులు చేస్తారు. ముందు పౌడర్ డబ్బా కొంటారు, ఆ తర్వాత వ్యాయామం గురించి ఆలోచిస్తారు. అందుకే ఇక్కడ తిండి సంగతి ఐదో మెట్టు దాకా రాదు.

## 1. ముందుగా చూసుకోవాల్సినవి

కింది వాటిలో ఏదైనా మీకు వర్తిస్తే, డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టండి.

- గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, మధుమేహం ఉన్నవారు
- మెట్లెక్కినా, వేగంగా నడిచినా ఛాతీ పట్టేసినట్టు అనిపించేవారు, ఎప్పుడైనా ఉన్నట్టుండి స్పృహ తప్పినవారు
- గర్భిణులు
- బీటా బ్లాకర్ మందులు వాడేవారు (ఇవి గుండె వేగాన్ని అణిచి ఉంచుతాయి కాబట్టి కింద చెప్పే గుండె లెక్కలు వీరికి పనికిరావు)

ఇన్సులిన్, సల్ఫోనైల్‌యూరియా మాత్రలు (ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఊరేలా చేసే షుగర్ మందులు) వాడేవారికి ఇంకొంచెం జాగ్రత్త అవసరం. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది. దానికి మందు ప్రభావం కూడా తోడైతే షుగర్ బాగా పడిపోతుంది. మొదలుపెట్టే ముందు పరీక్షించుకోండి. 90 మి.గ్రా. కంటే తక్కువ ఉంటే 15–30 గ్రాముల పిండి పదార్థం (కార్బోహైడ్రేట్, పంచదార, పండ్ల తీపి కూడా ఇందులోకే వస్తాయి) తీసుకోండి, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. సాయంత్రం గట్టిగా చేస్తే ఆ రాత్రి నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు. మందు మోతాదు మార్పు మాత్రం డాక్టర్ చెప్పాల్సిందే.

వెంటనే ఆపేయాల్సిన గుర్తులు: ఛాతీలోగానీ, దవడ, ఎడమ చేతిలోగానీ నొప్పి, గుండె లయ తప్పినట్టు అనిపించడం, స్పృహ తప్పబోతున్నట్టు ఉండటం, ఎండలో చేస్తూ తికమకగా మాట్లాడటం. ఇలాంటప్పుడు ఇంకో రెండు నిమిషాలు చూద్దాంలే అనుకోకండి.

## 2. మీ వ్యాయామం ఎంత గట్టిదో తేల్చుకోండి

దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. చేస్తూ చేస్తూ మాట్లాడి చూడండి.

- తేలిక: మాట్లాడగలరు, పాట కూడా పాడగలరు
- మధ్యస్థం: మాట్లాడగలరు, పాడలేరు
- గట్టిది: నాలుగు మాటలు అనేసరికి ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది
- పూర్తి బలం: మాటే రాదు, ఒకటి రెండు నిమిషాలకు మించి సాగదు

అంకెలు కావాలనుకునేవారికి గుండె వేగం ఉంది. 220 లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం వస్తుంది. 40 ఏళ్లవారికి అది 180. అందులో 64–76 శాతం, అంటే నిమిషానికి 115–137, మధ్యస్థం. 77 శాతం, అంటే సుమారు 139 దాటితే గట్టిది.

ఈ సూత్రం సగటు లెక్క మాత్రమే. ఒక్కో మనిషి విషయంలో 10–12 అటూ ఇటూ తప్పుతుంది. పైగా పట్టీ వదులుగా ఉన్నా, చేత్తో బరువు గట్టిగా పట్టుకున్నా గుండె వేగం కొలిచే చేతి గడియారం తప్పుడు అంకె చూపిస్తుంది. గడియారం ఒకటి చెప్పి మాట పరీక్ష ఇంకోటి చెబితే నేనైతే మాటనే నమ్ముతాను.

ఇప్పుడు ఒక వారం పాటు మీరు చేసేది రాసుకోండి: ఏ రోజు, ఎన్ని నిమిషాలు, ఏ తరగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు ఇచ్చిన లెక్క వారానికి 150–300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75–150 నిమిషాల గట్టి వ్యాయామం, దానితోపాటు కనీసం రెండు రోజులు కండర బలానికి పనికొచ్చే వ్యాయామం. మీరు దీనికి ఎంత దూరంలో ఉన్నారో ఆ కాగితమే చెబుతుంది.

## 3. ఏ పనికి ఏ ఇంధనం ఖర్చవుతుంది

కండరం నేరుగా వాడుకోగలిగిన ఇంధనం ఏటీపీ అనే అణువు ఒక్కటే. తిన్నదైనా, ఒంట్లో దాచిందైనా చివరికి దాన్ని తయారుచేయడానికే. కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ రెండు మూడు సెకన్లకు వస్తుంది, అంతే. ఖర్చవుతుండగానే మళ్లీ తయారుచేసుకోవాలి. దానికి మూడు దారులున్నాయి.

మొదటిది కండరంలోనే నిల్వ ఉండే క్రియేటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థం. పది సెకన్ల దాకా గట్టి బలం ఇస్తుంది. బరువు ఎత్తడం, ఎగరడం, ఒక్క ఉదుటున పరిగెత్తడం దీని మీదే నడుస్తాయి. ఖర్చయిన దాంట్లో సగం అరనిమిషంలో తిరిగి నిండుతుంది, పూర్తిగా నిండటానికి 3–5 నిమిషాలు పడుతుంది. కాబట్టి బరువైన సెట్ల (ఆగకుండా వరసగా ఎత్తే ఒక్కో విడత) మధ్య 2–3 నిమిషాలు కూర్చోవడం బద్ధకం కాదు. అరనిమిషానికే లేస్తే తర్వాతి సెట్‌లో బరువు తగ్గించాల్సి వస్తుంది.

రెండోది ఆక్సిజన్ కోసం ఆగకుండా గ్లూకోజును విరిచే దారి. వేగంగా పనిచేస్తుంది, తొందరగా అలిసిపోతుంది. ఇందులో పుట్టే లాక్టేట్‌ను (జనం లాక్టిక్ యాసిడ్ అనేది దీన్నే) చాలామంది విషంలా చూస్తారు. నిజానికి గుండె, పక్క కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. మిగిలింది కాలేయానికి వెళ్లి మళ్లీ గ్లూకోజుగా మారుతుంది. వ్యాయామం ఆపిన గంట లోపే రక్తంలో దాని స్థాయి మామూలుకు వచ్చేస్తుంది. కాబట్టి మర్నాటి ఒళ్లు నొప్పులకు లాక్టిక్ యాసిడ్‌ను తిట్టుకుని లాభం లేదు.

మూడోది ఆక్సిజన్‌తో పిండి పదార్థాన్ని, కొవ్వును కాల్చే దారి. గంటల కొద్దీ నడిపించేది ఇదే.

ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి మొదలవుతాయని అనుకోవద్దు. మొదటి సెకను నుంచే మూడూ పనిచేస్తుంటాయి, వాటాలు మారుతుంటాయి. పూర్తి బలంతో చేసే పనిలో కూడా నిమిషం దాటిన కాసేపటికి సగం శక్తి ఆక్సిజన్ దారి నుంచే వస్తుంది.

తేలికగా చేస్తున్నప్పుడు కొవ్వు వాటా ఎక్కువ. వేగం పెరిగే కొద్దీ పిండి పదార్థం వాటా పెరుగుతుంది. కొవ్వు మెల్లగా వచ్చే ఇంధనం, పైగా ఆక్సిజన్ లేకుండా కాలదు.

ఇక్కడే ‘కొవ్వు కరిగే జోన్’, అంటే మెల్లగా చేస్తేనే కొవ్వు కరుగుతుందన్న మాట జనాన్ని పక్కదారి పట్టిస్తుంది. ఊరికే లెక్క కోసం చూడండి. అరగంట నడకలో 150 కేలరీలు ఖర్చయి అందులో 60 శాతం కొవ్వు నుంచి వస్తే అది 90. అరగంట పరుగులో 300 ఖర్చయి 40 శాతమే కొవ్వు నుంచి వచ్చినా అది 120. శాతం తగ్గినా మొత్తం పెరిగింది. అసలు ఒంటి కొవ్వు తగ్గాలా వద్దా అని తేల్చేది ఆ అరగంట కాదు. వారాల తరబడి తిన్నదానికీ ఖర్చుకీ మధ్య ఉండే తేడా.

## 4. ఒంట్లో నిల్వ ఎంతో లెక్కేసుకోండి

పిండి పదార్థం ఒంట్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. కండరాల్లో సుమారు 300–500 గ్రాములు, కాలేయంలో 80–100 గ్రాములు. గ్రాముకు 4 కేలరీల చొప్పున మొత్తం 1,500–2,400 కేలరీలు. కొవ్వు నిల్వ వేరే స్థాయిలో ఉంటుంది. సన్నగా ఉండే 70 కిలోల మనిషిలో 10 కిలోల కొవ్వు ఉన్నా 70 వేల కేలరీలకు పైనే.

ఇక ఖర్చు. పరుగుకు సులువైన లెక్క ఉంది: మీ బరువు కిలోల్లో, దూరం కిలోమీటర్లలో, రెండూ గుణించండి. 70 కిలోల మనిషి 6 కిలోమీటర్లు పరిగెత్తితే సుమారు 420 కేలరీలు. అందులో కొంత కొవ్వు నుంచే వస్తుంది కాబట్టి నిల్వ ఖాళీ అయ్యే మాటే లేదు. ముప్పావుగంట జిమ్‌కు స్పోర్ట్స్ డ్రింక్ సీసా పట్టుకెళ్లడం వృథా అనేది ఇందుకే.

అదే మనిషి 30 కిలోమీటర్లు పరిగెత్తితే 2,100. మారథాన్‌లో ఆ ప్రాంతానికి వచ్చేసరికి చాలామందికి కాళ్లు సీసంలా బరువెక్కేది గ్లైకోజెన్ అడుగంటడం వల్లే. కొవ్వు దండిగా ఉన్నా అది ఆ వేగానికి సరిపడా అందదు. వేగం తగ్గించడం తప్ప దారి ఉండదు.

ఇంకో తేడా గుర్తుంచుకోండి. కండరంలోని గ్లైకోజెన్ ఆ కండరానికే. దాన్ని గ్లూకోజుగా రక్తంలోకి వదిలే ఎంజైమ్ కండరంలో లేదు. రక్తంలో షుగర్‌ను నిలబెట్టేది కాలేయం. రాత్రంతా తినకుండా పడుకుంటే కాలేయ నిల్వ బాగా తగ్గుతుంది, కండరాల నిల్వ దాదాపు అలాగే ఉంటుంది. అందుకే పొద్దున్నే పరగడుపున తేలికగా నడిస్తే ఏమీ కాదు, గంటన్నర గట్టిగా సైకిల్ తొక్కితే కళ్లు తిరగొచ్చు.

## 5. ముందు ఏం తినాలి, ఎప్పుడు

మీ వ్యాయామం కింది వాటిలో ఎక్కడ పడుతుందో చూడండి.

- ముప్పావుగంట లోపు తేలిక, మధ్యస్థం: ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు. నీళ్లు తాగి వెళ్లండి. ఆకలేస్తే ఒక అరటిపండు.
- గంట లోపు గట్టిది, లేదా బరువులు: గంట, రెండు గంటల ముందు 25–50 గ్రాముల పిండి పదార్థం ఉండే చిన్న స్నాక్.
- గంటన్నర దాటేది: మూడు గంటల ముందు సరైన భోజనం. కిలో బరువుకు 2–3 గ్రాముల పిండి పదార్థం. 60 కిలోల మనిషికి 120–180 గ్రాములు.

కొలతకు కొన్ని గుర్తులు: మధ్యస్థంగా ఉండే అరటిపండులో సుమారు 25 గ్రాములు, బ్రెడ్ ముక్కలో 12–15, ఒక కప్పు అన్నంలో 45, టేబుల్ స్పూన్ తేనెలో 17.

వ్యాయామానికి దగ్గరయ్యే కొద్దీ నూనె, పీచు, మాంసం తగ్గించండి. ఇవి కడుపులోంచి మెల్లగా కదులుతాయి. గట్టిగా చేస్తున్నప్పుడు పేగులకు వెళ్లే రక్తం తగ్గి కండరాలకు మళ్లుతుంది కాబట్టి అరగని తిండి అక్కడే కూర్చుని వికారం పుట్టిస్తుంది.

కొందరికి ఒక వింత ఇబ్బంది ఉంటుంది. అరగంట, ముప్పావుగంట ముందు తియ్యటి పానీయం తాగితే మొదలుపెట్టిన కాసేపటికే నీరసం, వణుకు. తీపికి పెరిగిన ఇన్సులిన్, పని మొదలెట్టిన కండరం రెండూ ఒకేసారి గ్లూకోజును లాగేయడం వల్ల ఇలా అవుతుంది. అలాంటివారు గంటకు పైగా ముందే తినాలి, లేదంటే మొదలుపెట్టే పది నిమిషాల ముందు తినాలి. ఈ రెంటికీ నడుమ ఉండే సమయం వారికి పడదు.

పరగడుపున చేస్తే ఎక్కువ కొవ్వు కరుగుతుందా? చేస్తున్నంతసేపూ కొవ్వు వాటా పెరిగే మాట నిజమే. రోజు మొత్తం తిండి సమానంగా ఉంటే వారాల తర్వాత ఒంటి కొవ్వులో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. పరగడుపున హాయిగా ఉంటే అలాగే చేయండి. లేకపోతే తినేసి చేయండి. దీని గురించి టెన్షన్ పడాల్సిన పనిలేదు.

కాఫీ పనిచేస్తుంది. కిలో బరువుకు 3 మి.గ్రా. కెఫీన్ గంట ముందు తీసుకుంటే ఎక్కువసేపు సాగే వ్యాయామం కొంత తేలికవుతుంది. ఒంట్లో అది సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం చేసేవాళ్లు నిద్ర సంగతి కూడా చూసుకోవాలి.

## 6. మొదటి పది నిమిషాలు

మొదలుపెట్టగానే ఆయాసం వస్తే ‘నాకు స్టామినా లేదు’ అనుకుంటారు. ఆక్సిజన్ దారి పూర్తిగా అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా లోటు పూడ్చేవి మొదటి రెండు దారులే. ఆ లోటే మీకు ఆయాసంగా తెలుస్తుంది. వార్మప్‌తో ఈ లోటు తగ్గుతుంది.

వరస ఇలా:

1. చేయబోయే వ్యాయామాన్నే 3–5 నిమిషాలు మెల్లగా. పరుగైతే నడక, బరువులైతే ఖాళీ కడ్డీ.
2. తుంటి, మోకాలు, చీలమండ, భుజాలను కదిలిస్తూ రెండు నిమిషాలు.
3. ఆ రోజు గట్టిగా చేయాలనుకుంటే 10–15 సెకన్ల చొప్పున రెండు మూడు సార్లు వేగం పెంచి తగ్గించండి.

ఒకే భంగిమలో నిమిషానికి పైగా పట్టి ఉంచే స్ట్రెచింగ్ ముందు వద్దు. దానివల్ల కండర బలం కాసేపు కొద్దిగా తగ్గుతుంది. చివర్లో చేసుకోవచ్చు.

## 7. మధ్యలో: నీళ్లు, ఉప్పు, తీపి

కండరం వాడే శక్తిలో 20–25 శాతమే కదలికగా మారుతుంది. మిగిలిందంతా వేడి. దాన్ని బయటికి పంపడానికి రక్తం చర్మానికి వెళ్లాలి, చెమట పట్టాలి. ఆ చెమట రక్తంలోని నీటి నుంచే వస్తుంది. నీరు తగ్గే కొద్దీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తం తగ్గుతుంది, ఆ లోటు తీర్చడానికి గుండె వేగం పెరుగుతుంది. మీరు పరిగెత్తే వేగం మార్చకపోయినా అరగంట తర్వాత గడియారంలో అంకె మెల్లగా ఎక్కుతూ పోయేది ఇందుకే. అప్పుడు అంకె పట్టుకుని కంగారు పడకుండా మాట పరీక్ష చేసుకోండి.

ఎంత తాగాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. గంటకు అరలీటరు చెమట పట్టేవారున్నారు, రెండు లీటర్లు పట్టేవారూ ఉన్నారు. కాబట్టి ఎవరో చెప్పిన అంకె కాకుండా మీ అంకె మీరే కనుక్కోండి.

1. మూత్రానికి వెళ్లొచ్చి, బట్టలు లేకుండా బరువు చూసుకోండి.
2. ఒక గంట వ్యాయామం చేయండి. తాగే నీళ్లు కొలిచి తాగండి.
3. చెమట తుడుచుకుని మళ్లీ బట్టలు లేకుండా బరువు చూడండి.
4. తగ్గిన బరువుకు తాగిన నీటిని కలపండి. 70 కిలోలు 69.2 అయి, 0.4 లీటరు తాగి ఉంటే మీ చెమట గంటకు 1.2 లీటర్లు.

ఈ పరీక్ష ఎండకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేయండి. అంకె చాలా మారుతుంది.

పోయిందంతా అప్పటికప్పుడే తాగాల్సిన అవసరం లేదు. ఒంటి బరువులో 2 శాతానికి మించి తగ్గకుండా చూసుకుంటే చాలు. 70 కిలోలవారికి అది 1.4 కిలోలు. గంట లోపు వ్యాయామమైతే దాహాన్ని బట్టి తాగడం సరిపోతుంది.

అతిగా తాగడం ఇంకా ప్రమాదం. రక్తంలో సోడియం (ఉప్పులో ఉండే లవణం) పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక, ముదిరితే ఫిట్స్ రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్ ముగింపు దగ్గర పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. వారిలో పరుగులో బరువు పెరిగినవారే ఎక్కువ. వ్యాయామం అయ్యేసరికి మీ బరువు మొదలుపెట్టినప్పటి కంటే ఎక్కువుంటే అవసరానికి మించి తాగారని అర్థం.

ఇప్పుడు తీపి:

- గంట లోపు: అక్కర్లేదు
- గంట నుంచి రెండున్నర గంటలు: గంటకు 30–60 గ్రాముల పిండి పదార్థం
- అంతకు మించి: గంటకు 90 గ్రాముల దాకా, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ (పండ్లలో ఉండే చక్కెర) కలిపి

కలపమనడానికి కారణం ఉంది. పేగు గోడ గంటకు 60 గ్రాముల గ్లూకోజును మాత్రమే లోపలికి తీసుకోగలదు. ఫ్రక్టోజ్ వేరే మార్గంలో వెళ్తుంది. మామూలు పంచదారలో ఈ రెండూ సగం సగం ఉంటాయి, కాబట్టి ఖరీదైన ఎనర్జీ జెల్స్ లేకపోయినా పని జరుగుతుంది.

ఇంట్లో చేసుకునే పానీయం: లీటరు నీటికి 60 గ్రాముల పంచదార (సమంగా కొలిచిన ఐదు టేబుల్ స్పూన్లు), పావు టీస్పూన్ ఉప్పు, రుచికి నిమ్మరసం. ఇంకా చిక్కగా చేస్తే కడుపులోంచి ఆలస్యంగా కదులుతుంది. పోటీ రోజు మొదటిసారి ప్రయత్నించకండి. పేగుకు కూడా అలవాటు కావాలి. గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టి వారం వారం పెంచండి.

## 8. అయ్యాక

గట్టిగా చేసి టక్కున ఆగిపోకండి. అప్పటిదాకా కాళ్ల కండరాలు పిండుతూ రక్తాన్ని పైకి పంపుతుంటాయి. అవి ఆగిపోతే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి. 5–10 నిమిషాలు మెల్లగా నడవండి.

తిండి విషయంలో ఒకే ప్రశ్న వేసుకోండి: తర్వాతి వ్యాయామం ఎప్పుడు? రేపైతే తొందరేమీ లేదు, మామూలు భోజన వేళకు తినండి. రోజంతా సరిగ్గా తింటే 24 గంటల్లో గ్లైకోజెన్ నిండుతుంది. అదే రోజు ఎనిమిది గంటల లోపు మళ్లీ చేయాలంటే మాత్రం మొదటి నాలుగు గంటల్లో గంటకు కిలో బరువుకు 1–1.2 గ్రాముల పిండి పదార్థం తీసుకోవాలి.

‘అరగంట లోపు ప్రొటీన్’ నియమం చాలామందిని అనవసరంగా పరిగెత్తించింది. బరువులు ఎత్తాక కండరం ప్రొటీన్‌ను బాగా వాడుకునే స్థితి ఒక రోజు వరకూ ఉంటుంది. రోజు మొత్తం ఎంత తిన్నారన్నదే ముఖ్యం. క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవారికి కిలో బరువుకు 1.2–2 గ్రాములు, పూటకు 20–40 గ్రాముల చొప్పున పంచుకుంటే చాలు. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 8, వండిన 100 గ్రాముల చికెన్‌లో 30, కప్పు ఉడికిన పప్పులో సుమారు 18 గ్రాములు ఉంటాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు.

నీళ్లు: తగ్గిన ప్రతి కిలోకు 1.25–1.5 లీటర్లు, కొన్ని గంటల్లో, భోజనంతో పాటు. తిండిలో ఉప్పు ఉంటే ఆ నీళ్లు ఒంట్లో నిలుస్తాయి.

వ్యాయామం ముగిశాక కూడా గంటల కొద్దీ కేలరీలు కరుగుతూనే ఉంటాయన్న ప్రచారం ఉంది. కరుగుతాయి, కానీ కొద్దిగానే. దాన్ని నమ్ముకుని అదనంగా ఒక స్వీట్ తింటే లెక్క తారుమారవుతుంది.

కండరం పెరగాలనుకునేవారు బరువులు ఎత్తిన ప్రతిసారీ చల్లటి నీటి స్నానం చేయకపోవడమే మంచిది. అలవాటుగా చేస్తే పెరుగుదల కొంత తగ్గుతుంది.

## 9. వారాల లెక్క: ఒళ్లు మారే వరస

మొదటి ఒకటి రెండు వారాల్లో రక్తంలోని ప్లాస్మా (ద్రవ భాగం) పెరుగుతుంది. అదే వేగానికి గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. బరువులు ఎత్తేవారికి మొదటి వారాల్లో బలం పెరిగేది ఎక్కువగా నరాల వల్లే. ఉన్న కండరాన్నే మెదడు బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. అద్దంలో ఏమీ మారలేదని దిగులుపడే రోజులు ఇవే.

నెల, రెండు నెలల్లో కండర కణాల్లో మైటోకాండ్రియా (ఆక్సిజన్‌తో ఇంధనాన్ని కాల్చే చిన్న భాగాలు), ఆ కణాల చుట్టూ సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. అదే వేగానికి కొవ్వు వాటా పెరిగి గ్లైకోజెన్ ఆదా అవుతుంది.

స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు), ఎముకలు మాత్రం నెలల తరబడి మెల్లగా గట్టిపడతాయి. ఊపిరి అనుమతిస్తుంది, మోకాలు అనుమతించదు. రెండో నెలలో ఉత్సాహం కొద్దీ వేగం పెంచినవారికి దెబ్బలు తగిలేది ఇక్కడే.

పెంచే వరస:

1. ముందు రోజుల సంఖ్య పెంచండి.
2. ఆ తర్వాత నిమిషాలు.
3. చివరగా వేగం, బరువు.
4. ఒకే వారంలో రెండు పెంచవద్దు.
5. మూడు నాలుగు వారాలకోసారి ఒక తేలిక వారం పెట్టుకోండి.

వారంలో ఎక్కువ భాగం పాడలేకపోయినా మాట్లాడగలిగే వేగంలోనే గడపండి. గట్టి రోజులు ఒకటి, రెండు చాలు. అన్ని రోజులూ కాస్త కాస్త గట్టిగా చేసేవారికి తేలిక రోజున విశ్రాంతీ దొరకదు, గట్టి రోజున నిజమైన బలమూ రాదు.

కొత్త వ్యాయామం చేసిన 24–72 గంటల మధ్య ఒళ్లు నొప్పులు ఎక్కువగా ఉంటాయి. కండరం సాగుతూ బరువు మోసే పనుల్లో, ఉదాహరణకు మెట్లు దిగడంలో, ఇవి ఎక్కువ. అదే పని వారం తర్వాత చేస్తే నొప్పి చాలా తగ్గుతుంది. నొప్పి లేకపోతే వ్యాయామం పనిచేయలేదని అనుకోవద్దు. కానీ కండరం విపరీతంగా వాచి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. దెబ్బతిన్న కండరం నుంచి వచ్చే పదార్థం కిడ్నీలను పాడుచేస్తుంది.

ఎండకు అలవాటు పడటానికి 7–14 రోజులు పడుతుంది. మొదటి వారం సమయం, వేగం రెండూ తగ్గించుకోండి. జబ్బు చేసి రెండు వారాలు ఆగిపోతే మునుపు చేసిన దాంట్లో సగంతో మళ్లీ మొదలుపెట్టండి.

## 10. ఇబ్బంది, కారణం, దిద్దుబాటు

మధ్యలో చేతులు వణకడం, చెమటలు, ఉన్నట్టుండి నీరసం. రక్తంలో షుగర్ తగ్గింది. ఆగి 15–20 గ్రాముల తీపి తీసుకోండి. ఈసారి నుంచి ముందు తినే తిండి, సమయం సరిచూసుకోండి.

పక్కటెముకల కింద పొడిచినట్టు నొప్పి. ఎక్కువ తిని, లేదా ఒకేసారి ఎక్కువ తాగి వెంటనే మొదలుపెట్టినప్పుడు వస్తుంది. వేగం తగ్గించి లోతుగా ఊపిరి వదలండి. తిండికీ వ్యాయామానికీ మధ్య ఎడం పెంచండి.

పిక్క పట్టేయడం. అందరూ ఉప్పు తగ్గిందనే అంటారు. చాలాసార్లు అలిసిన కండరానికి నరాల ఆదేశాలు గతి తప్పడమే కారణం. అప్పటికప్పుడు మెల్లగా సాగదీస్తే తగ్గుతుంది. తరచూ వస్తుంటే అలవాటుకు మించిన వేగంతో మొదలుపెడుతున్నారేమో చూడండి. బట్టల మీద తెల్లటి ఉప్పు చారలు కనిపించేవారు పానీయంలో ఉప్పు మర్చిపోవద్దు.

నెలైనా బరువు తగ్గలేదు. వ్యాయామం కొందరిలో ఆకలిని పెంచుతుంది, మిగతా రోజంతా కదలిక తగ్గిస్తుంది. ఒక వారం తిన్నవన్నీ రాసి చూడండి. తక్కువ పిండి పదార్థంతో మొదటి వారంలోనే కిలోన్నర తగ్గినవారు కూడా సంబరపడవద్దు. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు నిల్వ ఉంటుంది, తగ్గిందంతా ఎక్కువగా ఆ నీరే.

పొద్దున లేవగానే గుండె వేగం రోజూ కంటే ఎక్కువ, నిద్ర పట్టదు, చిరాకు. విశ్రాంతి చాలడం లేదు, లేదా జ్వరం రాబోతోంది. రెండు మూడు రోజులు తేలికగా నడవండి. తగ్గకపోతే తేలిక వారాన్ని అనుకున్నదానికంటే ముందే పెట్టుకోండి.

నెలసరి ఆగిపోవడం, మాటిమాటికీ జలుబు, చిన్న దెబ్బకే ఎముక చిట్లడం. వ్యాయామానికి పోగా ఒంటి మామూలు పనులకు మిగిలే శక్తి చాలడం లేదు. మగవారిలో కోరిక తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉండటం రూపంలో కనిపించవచ్చు. బరువు మామూలుగా ఉన్నవారికీ ఇలా అవుతుంది కాబట్టి తూకం చూసి ధీమాగా ఉండొద్దు. గట్టి వ్యాయామం ఆపి, తిండి పెంచి, ఆ వారంలోనే డాక్టర్‌ను కలవండి.